కొడిశ చెట్టు కోసం కొండెక్కిన పెంచలమ్మ

ఇంతవరకు ఉత్తరం ముక్క కూడా రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేసిన చెయ్యి ఇది. అక్షరాలు గుర్తున్నాయి గానీ ఎక్కడ ఆపాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. నేనూ సుజాతా ఇంకో నలుగురూ చుట్టూ కూర్చునుంటే మా రవణమ్మ పిన్ని చింతపండు కొడుతూ చెప్పిన కథ ఇది. మర్చిపోతానేమోనని భయమేసి, ఆమె ఎట్లా చెప్పిందో అట్లాగే పెడుతున్నా. తప్పులుంటే నవ్వుకోండి, నాకు వినపడేటట్టు మాత్రం నవ్వొద్దు.

పెంచలమ్మ అని ఒకామె, మేకలు ఇరవై రెండు, అత్త ఒకతి, అంతే ఆమె సంసారం అనుకోండి. మొగుడు ఉన్నాడు, లేకేం. ఎండాకాలం వచ్చిందంటే ఊళ్ళో మగాళ్ళందరితోపాటు గొర్రెలమందను తోలుకుని కాలవ కింది పొలాలకు పోయేవాడంట, మళ్ళీ వానలు బాగా పట్టినాకే రావడం. ఊరేమో వెలిగొండ కింద, నలభై గడప. ఇంట్లో మాట్లాడేదానికి అత్త, బయట మాట్లాడేదానికి మేకలు. ఆ రెండిట్లో మేకలతోనే ఎక్కువ మాట్లాడేదంట పెంచలమ్మ, ఎందుకంటే అవైనా తల ఊపుతాయి. అత్త చెంగమ్మ ఊపదు. ఊళ్ళో జనంతో మాట్లాడాలంటే పెంచలమ్మకు ప్రాణం మీదికొచ్చేది. ఎవరన్నా పలకరిస్తే కొంగు వేలికి చుట్టుకుంటా, విప్పుతా, మళ్ళీ చుట్టుకుంటా నిలబడేది, జవాబు వచ్చేలోపల అడిగినోళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు.

ఇప్పుడు ఆ చెంగమ్మ సంగతి చెప్పాల. ఆమె మేకల మందుమనిషి. తొలకరి వానలకు లేతగడ్డి తిని మేకలకు పారుడు రోగం వస్తుంది చూడండి, కడుపు జారి, జిగట పడి, నెత్తురు పడి, మూడో రోజుకు కాళ్ళు ముడుచుకుంటాయి, ఆ రోగానికి చెంగమ్మ దగ్గర కొడిశ బెరడు ఉండేది. ఎండబెట్టి, దంచి, కషాయం కాచి, వెదురు గొట్టంతో మేక గొంతులో పోసేదంట. ఊళ్ళో ఎవరి మేకకైనా ఆమే పోయాల. ఆమె హస్తవాసి అట్లాంటిది, పొద్దున పోస్తే మాపటికి మేక లేచి గడ్డి అడిగేది. అయితే ఆ మందుకు మూడు కట్టుబాట్లు ఉండేవి, వాళ్ళ అత్తల నాటినుంచి వస్తున్నవి. మాఘమాసంలో, చెట్టు ఆకంతా రాల్చేసి ఎండుకట్టెలాగ నిలబడ్డప్పుడే బెరడు తియ్యాల, సత్తువంతా అప్పుడు బెరడులోకి దిగుతుందని. ఇల్లు దాటినప్పటినుంచి తిరిగొచ్చేదాకా నోరు తెరవకూడదు, అంతేకాదు, ఆ చెట్టు ఎక్కడుంది, ఎట్లుంటుంది అనే మాట ఏడాది పొడుగునా ఎవరితోనూ ఎత్తకూడదు. ఇంక మూడోది, మందు ఎంగిలి చెయ్యకూడదు. నాలిక్కి తగిలిందంటే గుణం పోయినట్టే.

పెంచలమ్మ కోడలుగా వచ్చి పదకొండేళ్ళు. ఏటా గంప నెత్తిన పెట్టుకుని అత్త వెంట కొండెక్కేది. ఎక్కి ఏం చేసేది? చెట్టుకు పది బారల ఇవతల వీపు తిప్పుకుని నిలబడేది. అత్త కత్తి చప్పుడు వినేది, అత్త దగ్గు వినేది, గంపలో బెరడు పడ్డాక మోసుకుని దిగేది. అత్తకు ప్రాణం పోయే రోజున వేలుపెట్టి చూపిస్తుందంట, అప్పుడు కోడలు చూడాలంట. పదకొండేళ్ళు ఆ చెట్టు దగ్గరికి పోయి, ఆ చెట్టు ముఖం చూడని మనిషి అనుకోండి. నవ్వకే సుజాతా, మీ అత్త పోపుల డబ్బా నీ చేతికి ఎప్పుడిచ్చిందో చెప్పు ముందు.

సరే, ఏమైందంటే, ఆ ఏడు మృగశిర కార్తె పుట్టీ పుట్టకముందే వానలు దంచేశాయి. గడ్డి మొలిచింది, మేకలు ఎగబడి తిన్నాయి, రోగం దిగింది. చెంగమ్మ గొట్టం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పొద్దున పోసింది, మధ్యాహ్నం పోసింది, మాపటికి పోసింది. ఊహూఁ. మేకలు పడిపోతూనే ఉన్నాయి. పెంచలమ్మ దొడ్లోనే ఏడు పోయాయి, మిగిలిన పదిహేనులో తొమ్మిది పడకేశాయి. అసలు ఇది ఆ ఏడు మొదలైంది కూడా కాదంట. అంతకు మూడేళ్ళుగా మందు పనిచెయ్యడం తగ్గుతా వస్తోంది, ఆ ఏడు ఒట్టి నీళ్ళయి కూర్చుంది. ఊళ్ళో ఓబులేసు అని ఒకాయన, పెంచలమ్మకు బావ వరస, కాలు కుంటి కాబట్టి గొర్రెల వెంట పోలేదు, ఇంట్లో నలభై మేకలు, నోట్లో నాలుగు వందల మాటలు. శుక్రవారం పొద్దున చెంగమ్మ గడప ముందుకొచ్చి నిలబడి, నలుగురు ఆడోళ్ళు వింటుండగా అన్నాడంట, ఏమ్మే మరదలా, మీ అత్త చెయ్యి చల్లబడినట్టుందే, ఆ మందును మా మేకలు పానకం తాగినట్టు తాగతా ఉండాయి, నిన్న ఒక పిల్ల గొట్టం వదల్లా, ఇంకొంచెం పొయ్యమని చీకతా ఉండాది, అని. ఆడోళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా, ఆదివారం దాకా చూస్తాం, తగ్గకపోతే అవతలూరి మందుమనిషిని పిలుచుకొస్తాం, చెంగత్త ఇంక ఎవరి దొడ్లోకీ గొట్టం పట్టుకుని రానక్కర్లేదు, అని చెప్పేసి పోయాడు.

లోపల చెంగమ్మ అంతా వినింది. పెంచలమ్మ సంగటి ముద్ద ముందు పెడితే చేత్తో పక్కకు నెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమెకు కళ్ళు కూడా పొర కమ్మి ఉండేవంట, ఎండలో మనిషి ఆకారం తెలిసేది, ముఖం తెలిసేది కాదు. నలభై ఏళ్ళు ఊరంతటి మేకల్ని బతికించిన చెయ్యి, ఆదివారంతో అయిపోతుంది. పెంచలమ్మ దొడ్లోకి పోయింది, పడుకున్న మేకల మధ్య కూర్చుంది. ఆమె బుర్రలో ఒక్క మాటే తిరుగుతోంది. పానకం. పానకం తాగినట్టు తాగడమేంది? తను కొత్తగా వచ్చినప్పుడు ఒక్క మేకకు మందు పోయాలంటే ముగ్గురు కావలసొచ్చేది గదా, ఒకరు కొమ్ములు పట్టుకోవాల, ఒకరు కాళ్ళు, అత్త గొట్టం. తాగినాక మేక పొద్దుగూకేదాకా నాలుక బయటపెట్టి మనల్ని అమ్మనా బూతులు తిట్టినట్టు చూసేది. ఆ చేదు మందు పానకం ఎప్పుడైంది? అట్లా అనుకునేసరికి పెంచలమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే లేచి నిలబడిందంట.

ఇంట్లోకి పోయి అత్త మంచం పక్కన చేరింది. కొంగు వేలికి చుట్టింది, విప్పింది. అత్తా, మనం బెరడు తీసే చెట్టు పాత చెట్టేనా, అనింది. చెంగమ్మ విసురుగా లేచి కూర్చుంది. ఆ మాట ఎత్తకూడదని తెలీదా నీకు. తెలుసత్తా, చెట్టు అదేనా అని అడుగుతున్నా. నోరుమూసుకోమే, ఉన్న కాస్త గుణం కూడా పోతుంది. పోయేదానికి ఇంకేం మిగిలుందత్తా, ఏడు మేకలు పూడ్చినాం, అనిందంట పెంచలమ్మ. పదకొండేళ్ళలో అత్తకు ఎదురు చెప్పిన మొదటి మాట అది. చెంగమ్మ గొంతు తగ్గించి చెప్పింది, నాలుగేళ్ళ కింద మాఘంలో పోతే పాత చెట్టు మాడి మోడై ఉంది, పిడుగు పడింది దాని మీద. పక్కనే ఇంకోటి ఉంది. అదే బెరడు, అదే కొమ్మ, కత్తి పెడితే అవే పాలు. పాత చెట్టుకున్న పసుపు గుడ్డ విప్పి దానికి కట్టినా. ఇంట్లో మిగిలిన పాత బెరడు కొంచెం కొంచెం అందులో కలుపుతా వచ్చినా, అది పోయినేడుతో అయిపోయింది. ఒక తల్లి పిల్లలే అవి, నాకు తెలీదా. పెంచలమ్మ అడిగింది, ఆకు చూసినావా అత్తా? మాఘంలో ఆకెక్కడుంటుందే పిచ్చిదానా, అనింది అత్త. పువ్వు? అప్పుడు పువ్వెక్కడిది. వినండి, ఊఁ అనండి, ఇక్కడే ఉంది కథ. చెట్టు దగ్గరికి పోయేదే ఆకూ పువ్వూ లేనప్పుడు. పోయినా ఎవరినీ అడగకూడదు. తెచ్చినా నాలిక్కి తగలకూడదు. ఇంక తప్పు ఎవరికి దొరుకుతుంది చెప్పండి.

శనివారం తెల్లవారంగనే పెంచలమ్మ గంప తీసుకుని కొండెక్కింది. అత్త వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి చెట్టు వైపుకు ముఖం పెట్టి నడిచిందంట. దగ్గరికి పోయేసరికి కొండవాలంతా తెల్లగా పూసుంది. మాఘంలో కట్టెల్లాగ నిలబడే చెట్లన్నీ పచ్చగా, కొమ్మకొమ్మకూ తెల్లటి గుత్తులు, పూత ఒక పక్క, పిందె ఒక పక్క. పసుపు గుడ్డ కట్టిన చెట్టు కనపడింది, దాని పక్కనే మాడిన మోడు. ఆ మోడు చచ్చిపోలేదు. మొదలు దగ్గరినుంచి నాలుగైదు పిలకలు వేసి, మనిషి ఎత్తున పెరిగున్నాయి. పెంచలమ్మ చుట్టూ చూసింది, ఎవరూ లేరు. కత్తితో గుడ్డచెట్టు బెరడు గోరంత చెక్కింది, కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది. వేసుకుని నమిలింది, నమిలింది, ఏమీ లేదు, ఒట్టి నారపీచు నమిలినట్టు. సరే అని మోడు పిలకకు కత్తి పెట్టి గోరంత తీసి నాలిక మీద పెట్టుకుంది. అబ్బ, చేదు నాలిక మీదినుంచి చెవుల్లోకి పోయి, చెవుల్లోనుంచి నడినెత్తికెక్కిందంట. ఉమ్మింది, గడ్డి నమిలింది, మళ్ళీ ఉమ్మింది, అంత చేదులోనూ నవ్వొచ్చేసింది ఆమెకు. ఒక్కతే కొండ మీద నిలబడి పకపకా నవ్వింది. కాదు, ఇది అది కాదు, అత్త చెయ్యి చల్లబడలేదు, చెట్టు మారింది, అంతే.

మరి ఆ పిలకల్నే కోసుకోవచ్చు గదా అంటావేమో, బొటనవేలంత లావు లేవు, ఊరంతటి మేకలకు ఏం సరిపోతాయి. ముదురు చెట్టు కావాల. కొండ మీద చూస్తే అన్నీ తెల్లపూలే, అన్నిటికీ పాలే, ప్రతిదానికీ కత్తి పెట్టి నాకుతా పోతే ఆదివారం వచ్చి వెళ్ళిపోతుంది. పెంచలమ్మ ముందు ఆకు పట్టుకుంది. మోడు పిలక ఆకు వెడల్పుగా, అరచేతికి మించి ఉంది, ఈనెలు బక్కమేక పక్కటెముకల్లాగ పైకి లేచున్నాయి. గుడ్డచెట్టు ఆకు సన్నం, నున్నగా ఉంది, కొస తోకలాగ సాగింది. దాని కింద రాలిన ఆకులు ఎండి నల్లబడి ఉన్నాయి, మసి పూసినట్టు. ఆ రెండు ఆకులూ రెండు చేతుల్లో పట్టుకుని చెట్టు చెట్టుకూ పరిగెత్తింది. ఇది కాదు. ఇది కాదు. ఇదీ కాదు. రాళ్ళు గుచ్చుకుంటున్నా తెలీలేదంట, కొప్పు ఊడినా తెలీలేదంట. వాగు అవతల ఒక ముదురు చెట్టు కనపడింది, ఆకు వెడల్పు, ఈనెలు లేచున్నాయి. కొమ్మ వంచి పువ్వు చూసింది. అయిదు రెక్కలు, మల్లెపువ్వులాగ, మధ్యలో ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. అదే పరుగున వెనక్కొచ్చి గుడ్డచెట్టు పువ్వు తెంపి పక్కన పెట్టింది. అయిదు రెక్కలే, తెలుపే, కానీ మధ్యలో దారపు పోగులు తెంచి నిలబెట్టినట్టు ఒక కుచ్చు ఉంది. దూరంనుంచి చూస్తే అక్కచెల్లెళ్ళు, దగ్గరికొస్తే ఒకామెకు ముక్కుపుడక ఉన్నట్టు అనుకోండి.

ఇంక కాయలు. రెండు చెట్లకూ కాయలు జంటగానే వేలాడతాయి, మూర పొడుగు, వేలు కంటే సన్నం. పెంచలమ్మ తెంపి చూసింది. గుడ్డచెట్టు జంట కాయలు మొదట్లో ఒకటిగా పుట్టి, మధ్యలో విడిపోయి, కొసన మళ్ళీ అతుక్కుని ఉన్నాయి, పట్టకారు మూసినట్టు. వాగు అవతలి చెట్టు జంట అట్లా కాదు, మొదట్లో కలిసి పుట్టి, అక్కడినుంచి ఎవరి దారి వారిది, కొసలు విడివిడిగా ఉన్నాయి. పెంచలమ్మకు అప్పుడు తట్టింది, ఈ కొస అతుక్కున్నది అంకుడు గదా, గరిటెలకూ బొంగరాలకూ జనం నరుక్కుపోయే అంకుడు. దాని ఆకు మేకలు కరకర తింటాయి గదా. నాలుగేళ్ళుగా మేకలకు మేత కాచి తాగిస్తున్నాం, ఇంక పానకం కాక ఏమవుతుంది, అనుకుంది. వాగు అవతలి చెట్టు బెరడు చెక్కి నోట్లో పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు వచ్చేశాయి చేదుకు. అంత చేదును అంత సంతోషంగా నమిలిన మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు పుట్టలేదని, ఆ ఊళ్ళోనే కాపరముండిన మా అమ్మమ్మ చెప్పేది. గంపెడు బెరడు తీసింది, రెండు చెట్లవీ ఆకూ పువ్వూ కాయా వేరువేరుగా ఒళ్ళో కట్టుకుంది, దిగింది.

ఇంటికొస్తే గడప ముందు ఓబులేసు కూర్చునున్నాడు, ఇంకో రెండు మేకలు పోయాయని చెప్పేదానికి. పెంచలమ్మ జరిగింది అత్తకు చెప్పింది. చెంగమ్మ కొసదాకా వినింది. నోరు తెరుచుకుని పోయినావు, పచ్చి ఆకు మీద కోసినావు, ఎంగిలి చేసినావు, మూడూ చేసినావు, ఈ మందు నా చేత్తో పొయ్యను, అనింది. ఓబులేసు ఊరుకుంటాడా, ఏమ్మే మరదలా, ఆకు పెద్దదయితే చెట్టు మారినట్టా, మోడు మీద వేసిన పిలకకు ఏ చెట్టుకైనా ఆకు పెద్దదే, చింతమోడుక్కూడా అంతే, అన్నాడు. ఆయన అన్నది నిజమే, అందులో అబద్ధం లేదు. పెంచలమ్మ కొంగు చుట్టుకుందామని చూస్తే కొంగు ఒళ్ళో మూటకట్టి ఉంది, చుట్టుకునేదానికి వీల్లేదు. సరేనని ఓబులేసు ముఖంలోకే చూసి, అందుకే ఆకొక్కటే నమ్ముకోలేదు బావా, అనింది. అని అత్త ఒక చేతిలో ఒక జంట కాయ, ఇంకో చేతిలో ఇంకో జంట కాయ పెట్టింది. చూడలేకపోతే పోయింది, తడుము అత్తా, కొసదాకా పో, అనింది.

చెంగమ్మ తడిమింది. రెండు కాయల మధ్య వేలు పెట్టి కిందికి జార్చింది. ఒకదాంట్లో వేలు జారి జారి అవతలికి వచ్చేసింది. రెండోదాంట్లో వేలు జారి జారి కొసన ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి జార్చింది, మళ్ళీ ఆగింది. మాఘంలో ఇవి ఎండి పగిలి అన్నీ విడిపోయి ఉంటాయి గదే, అనింది మెల్లగా. అవునత్తా, అప్పుడు తెలీదు. ఇవి రెండూ పక్కపక్కనే ఉన్నాయా? పాత మోడు పిలకలు దీని కొమ్మల్లోనే ఉన్నాయి అత్తా. చెంగమ్మ గంపలో చెయ్యి పెట్టి, ఇంత బెరడు ముక్క తుంచి, నలభై ఏళ్ళలో మొదటిసారి నోట్లో వేసుకుంది. ముఖమంతా ముడతలు పడిపోయింది. కళ్ళల్లో నీళ్ళు కారాయి, చేదుకో, ఇంకెందుకో. ఆ ముక్క ఉమ్మకుండా మింగేసి, గొంతు సరిచేసుకుని, ఓబులేసూ, నువ్వు ఊరికే కూర్చోకపోతే పొయ్యిలోకి కట్టెలు చీల్చు, పెంచలా, నువ్వు పెద్ద కుండ దించు, ఎండబెట్టేదానికి పొద్దు లేదు, పచ్చిదే దంచి కాచేద్దాం, అనింది.

ఇంక చూడండి ఆ మధ్యాహ్నం ఆ ఊళ్ళో. మొదటి మేకకు గొట్టం పెట్టారో లేదో ఒక్క తన్ను తన్నింది, గొట్టం ఎగిరి పెంకుల మీద పడింది. ముగ్గురు పట్టుకున్నారు, చాల్లేదు, నలుగురు పట్టుకున్నారు. ఓబులేసు కొమ్ములు పట్టుకుంటే ఆయన మేకే, పానకం తాగిన పిల్ల తల్లి, బుడుక్కున ఉమ్మేసింది, నిండా ఆయన తెల్లగడ్డం మీద. నా గడ్డం నా గడ్డం అంటాడు, నాలిక్కి తగిలింది, తూ తూ అంటాడు, నీళ్ళు తెండే అంటాడు. ఆడోళ్ళు ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వారు. చెంగమ్మ మాత్రం ప్రతి మేక గొంతులోనూ తన చేత్తోనే పోసింది, ఒక్కదాన్నీ వదల్లేదు. అన్నీ బతికాయని చెప్పను, రెండు పోయాయి, అవి అప్పటికే తల వాల్చేసి ఉన్నాయి. మిగతావి ఆదివారం మధ్యాహ్నానికి నెత్తురు ఆగి, మాపటికి లేచి తడికెలు కొరికాయి. అవతలూరి మందుమనిషి కోసం ఎవరూ బయలుదేరలేదు. చెంగమ్మ రెండు ముద్దల సంగటి తిని, మూడో ముద్ద అడిగింది.

మరుసటి రోజు పొద్దున్నే పెంచలమ్మ ఏం చేసిందంటే, పాలు కూడా పిండకముందే, ఎప్పుడూ తల ఎత్తి నడవని మనిషి ఇల్లిల్లూ తిరిగి ఆడోళ్ళనందరినీ పిలుచుకొచ్చి దొడ్డి ముందు కూర్చోబెట్టింది. మధ్యలో చాట పెట్టింది. చాటలో కొడిశ ఆకూ అంకుడు ఆకూ, కొడిశ పువ్వూ అంకుడు పువ్వూ, కొడిశ కాయా అంకుడు కాయా అన్నీ కలిపేసింది. ఒక్కొక్కరే రండి, కళ్ళు మూసుకోండి, తడిమి ఏది ఏదో గట్టిగా పేరు పెట్టి చెప్పండి, తప్పు చెప్పినోళ్ళు ఇదిగో ఈ బెరడు నమలాల, అనింది. చాట పక్కన చెంగమ్మ బెరడు ముక్కలు చేతిలో పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది, ఆమెకు అంత హుషారు ఎవరూ ఎప్పుడూ చూడలేదంట. మా అమ్మమ్మ రెండుసార్లు నమిలింది. ఓబులేసు పెళ్ళాం మొదటిసారే సరిగ్గా చెప్పేసి, ఊరికే ఎందుకు పోవాలని మొగుణ్ణి కూడా లాక్కొచ్చి కూర్చోబెట్టింది. ఆయన కొసదాకా వేలు పోనివ్వకుండా సగంలోనే చెప్పేశాడు, నాలుగుసార్లు నమిలాడు. కాలవ కిందినుంచి మగాళ్ళు గొర్రెల్ని తోలుకొచ్చేసరికి ఊళ్ళో ఆడోళ్ళందరికీ చెట్లు గుర్తుపట్టడం వచ్చేసింది, వచ్చినోణ్ణి వచ్చినట్టే చాట ముందు కూర్చోబెట్టారు, ఆ తరవాత ఒక నెలపాటు ఆ ఊరి మగాళ్ళెవరికీ నోట్లో సంగటి రుచి తెలిసింది లేదంట.